వెనకగదిలో వినేవాడు

మా ఆయన దేముడు స్విచ్‌మన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. తెలివి లేక కాదు. బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే యార్డులో పద్నాలుగేళ్లుగా పాయింట్స్‌మన్‌గా పనిచేస్తున్న మనిషికి ఏ బండిని ఏ లైనులోకి తిప్పాలో ఒకరు చెప్పక్కర్లేదు. తప్పడానికి కారణం ఆయన నోరు. ఇంట్లో ఆగని ఆ నోరు ఆఫీసరు ఎదుట నిలబడేసరికి తాళం పడిపోతుంది.

మొదటిసారి పేరు అడిగితే వాళ్ల నాన్న పేరు చెప్పి వచ్చాడు. రెండోసారి, అంటే పందొమ్మిది వందల అరవై ఒకటిలో, పేరు వరకు సరిగ్గానే చెప్పాడట. మొదటి ప్రశ్న అడిగేసరికి బల్లమీద ఆఫీసరుగారు తన కోసం పెట్టుకున్న గ్లాసుడు నీళ్లు ఎత్తి గటగటా తాగేసి, దండం పెట్టి బయటికి వచ్చేశాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా లైను క్వార్టర్ల వాళ్లు ఆ సంగతి ఆర్నెల్లు చెప్పుకున్నారు. నేను బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళితే చాలు, "నూకాలమ్మా, మీ ఆయనకి దాహం తీరినాదా?" అని అడిగేవాళ్లు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఆ రోజుల్లో కుళాయి దగ్గర ఒకరిద్దరి బిందెలు సొట్టపోయాయి. అందులో నా తప్పు ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

మూడోసారి కూడా తప్పితే ఇక పిలవరు. రిటైరయ్యేదాకా యార్డే గతి. యార్డులో పాయింట్స్‌మన్ పనేమిటంటే, ఇంజను వ్యాగన్లను నెట్టుకొస్తుంటే రెండు వ్యాగన్ల మధ్యకి వంగి దూరి, బరువైన కప్లింగు ఎత్తి కొక్కేనికి తగిలించడం. బండి పూర్తిగా ఆగాకే దూరాలని రూలు. ఆగకముందే దూరితే ఏమవుతుందో మా లైను చివరి క్వార్టరులో ఉండే అప్పలకొండని చూస్తే తెలుస్తుంది. ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గరే ఆఖరు. ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని ఎడమచేత్తో జెండా ఊపుతాడు.

స్విచ్‌మన్ అయితే ఆ బాధ లేదు. మెట్లెక్కి కేబిన్‌లో నిలబడి, అద్దాల్లోంచి చూస్తూ లీవర్లు లాగడమే. మా ఆయన ఆ మెట్లెక్కాలి. నాకు కావలసింది అదొక్కటే. గౌరవం కోసమని అందరితో చెప్పేదాన్ని కానీ అసలు సంగతి భయం. ఆ భయం ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడైనా కదిపితే, "నాను సూసుకోకుండా దూరతానేటే? నీ మీద ఒట్టు, బండి ఆగినాకే దూరతాను" అని నవ్వేసేవాడు. నా మీద ఒట్టు వేశాక ఇంకేం అడుగుతాను?

అరవై మూడు మార్చిలో మూడో పరీక్ష అని కాగితం వచ్చింది. సరిగ్గా నెల ఉంది. రెండేళ్ల కిందట పాసై కేబిన్‌కి వెళ్లిన సుందర్ రాజు తన నోటుపుస్తకం తెచ్చి ఇచ్చాడు. రూల్సన్నీ తెలుగులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్న పుస్తకం అది. మా ఆయన దాన్ని చేత్తో పట్టుకుని వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూ చదవడం మొదలుపెట్టాడు. చదువుతున్నంతసేపూ చెమటలు. పుస్తకం మూసి ఒక్క ముక్క చెప్పమంటే నన్నే ఆఫీసరు అనుకుని బెదిరిపోయేవాడు.

అలా తిరుగుతుండగా ఒక పొద్దున జ్ఞానరత్నం గారు వచ్చారు. ఆవిడ రైల్వే ఆసుపత్రిలో నర్సు, కాన్పుల వార్డులో పని. మా వెనక లైనులో ఉంటారు. నా ఇద్దరు పిల్లలూ ఆవిడ చేతిలోనే పుట్టారు. ఆవిడ గుమ్మంలో నిలబడి మా ఆయన్ని కిందనుంచి మీదదాకా చూసి, "ఎన్నో నెల?" అని అడిగారు.

నేను పకపకా నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

"నవ్వులాట కాదు నూకాలమ్మా," అన్నారావిడ. "తొలికాన్పుకి వచ్చే ఆడపిల్లలు అచ్చం ఇలాగే తిరుగుతారు. పిడికిళ్లు బిగించి, పళ్లు బిగించి. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, ఒళ్లు బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే భయం పెరుగుతుంది. మా పెద్ద డాక్టరమ్మగారు మాకు ఒకటి నేర్పారు. వాళ్లని పడుకోబెట్టి, కాలి వేళ్లనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క భాగాన్నీ వదులు చేయించాలి. ఒళ్లు వదులైతే మనసు వదులవుతుంది. అప్పుడు ఏం చెబితే అది వింటారు."

"నానేటి కంటానా?" అన్నాడు మా ఆయన ఉక్రోషంగా.

"కనాల్సింది రూల్సే కదయ్యా," అన్నారావిడ. తరవాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. మనసులో రెండు గదులుంటాయట. ముందుగదిలో మనం తెలిసి ఆలోచించేది. వెనకగది మనకి కనిపించదు కానీ సామానంతా ఉండేది అక్కడే. భయం వచ్చి ముందుగది గుమ్మంలో కాళ్లు బారజాపుకుని కూర్చుంటే, లోపలికి ఏదీ పోదు, లోపలినుంచి ఏదీ రాదు. ఒళ్లు వదిలేసి, నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నప్పుడు ఆ భయం కాస్త పక్కకి జరుగుతుంది. ఆ సమయంలో నెమ్మదిగా చదివి వినిపిస్తే తిన్నగా వెనకగదిలోకి పోతుంది.

"పూర్తిగా నిద్రపోతే?" అని అడిగాను.

"గురక వచ్చిందంటే బండి స్టేషను దాటిపోయినట్టే. ఔటర్ సిగ్నల్ దగ్గర ఆపాలి. లోపలికి రాకూడదు, వెనక్కీ పోకూడదు," అన్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఇంకో మాట. చదివేటప్పుడు రూల్సు తప్ప ఇంకోటి మాట్లాడకు. వెనకగదికి జల్లెడ ఉండదు. ఏది పోస్తే అది దాచుకుంటుంది" అన్నారు. ఆవిడకి నా సంగతి బాగా తెలుసు.

మర్నాటినుంచే మొదలుపెట్టాం. మా ఆయనకి ఆ నెలంతా నైట్ డ్యూటీ. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, స్నానం చేసి, చద్దన్నం తిని పడుకునేవాడు. పిల్లలు అప్పటికి బడికి వెళ్లిపోయేవాళ్లు. మా లైనులో నైట్ డ్యూటీ మనిషి పడుకుంటే తలుపు గడియకి ఎర్రగుడ్డ కడతారు. అది కనిపిస్తే కూరలవాడు అరవడు, చేపలమ్మి తలుపు కొట్టదు, పిల్లలు గోళీలు పట్టుకుని పక్క లైనుకి పోతారు. నేను ఎర్రగుడ్డ కట్టి, పుస్తకం పట్టుకుని మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేదాన్ని.

"కాలి బొటనేలు ఒదిలెయ్యి మావా," అనేదాన్ని. ఆయన నాకు మేనమామ కొడుకు, చిన్నప్పటినుంచీ మావా అనే పిలుపు. "మడమ ఒదిలెయ్యి. మోకాలు ఒదిలెయ్యి."

"అన్నీ ఒదిలేస్తే ఇంకేటి మిగుల్తాది?" అనేవాడు.

"నోరు ముందు ఒదిలెయ్యి."

మొదటి నాలుగు రోజులూ బండి స్టేషను దాటి ఎక్కడికో పోయింది. అయిదోరోజునుంచి పట్టు దొరికింది. పిక్కలు, తుంటి, వీపు, భుజాలు, చివరికి దవడ. దవడ వదిలాక ఊపిరి మారేది. అది మారిందని నాకు తెలిసిపోయేది. అప్పుడు ఆయన ఊపిరికి తగ్గట్టుగా, తీసుకున్నప్పుడు ఆగి, వదిలినప్పుడు చదివేదాన్ని. బండిని స్టేషనులోకి రమ్మని హోమ్ సిగ్నల్ దించే ముందు ఏం చేయాలి, పొగమంచు పడితే ఏం చేయాలి, లైన్ క్లియర్ ఎప్పుడు ఇవ్వాలి, అన్నీ.

రూల్సు తప్ప ఇంకోటి మాట్లాడకుండా ఉందామనే ప్రయత్నించాను. నిజంగానే ప్రయత్నించాను. కానీ పొయ్యిమీద పాలు ఉంటాయి, పెట్టిన పప్పు అడుగంటుతుంది, మంచం మీద మనిషి కాలు నా తలకి తగులుతుంది. పైగా పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి నేను మాట్లాడుతుంటే ఈయన ఎదురు చెప్పకుండా వింటున్నాడు. అలాంటి అవకాశం వచ్చాక నోరు కట్టుకోవడం ఏ ఆడదానివల్ల అవుతుంది? ఒక్క మాటే కదా అనుకుంటూ రోజుకి నాలుగు మాటలు మధ్యలో జారిపోయేవి.

వ్యాగన్ల మధ్యకి వెళ్లే రూలు దగ్గర మాత్రం రోజూ ఆగిపోయేదాన్ని. ఆయన ముఖం చూసేదాన్ని. మెలకువగా ఉన్నప్పుడు ఆ ముఖంలో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఉంటుంది, ఆ సమయంలో ఏమీ ఉండేది కాదు. పదకొండేళ్లుగా చెప్పనిది అప్పుడు చెప్పేదాన్ని. నెమ్మదిగా, పక్కింటికి వినపడకుండా. చెప్పి, "సూసుకుంటన్నావా మావా? నిజం సెప్పు" అని అడిగేదాన్ని. జవాబు ఉండేది కాదు. ఊపిరి ఒక్కసారి ఆగినట్టయి మళ్లీ సాగేది. ఒళ్లు తెలీని మనిషిని ప్రశ్నలేమిటని నన్ను నేనే తిట్టుకుని తరవాతి రూలుకి పోయేదాన్ని.

పరీక్ష వారం ఉందనగా సుందర్ రాజు వచ్చి ప్రశ్నలు అడిగాడు. మా ఆయన గుడ్లు తేలేశాడు. "ఇంకేటి, అయిపోనాది" అని నేను నెత్తి కొట్టుకున్నాను. అంతలో ఏమనుకున్నాడో, మా ఆయన గోడకి జారబడి కళ్లు మూసుకున్నాడు. బొటనవేళ్లు వదులయ్యాయి. భుజాలు కిందికి దిగాయి. తరవాత మొదలుపెట్టాడు చూడండి. సుందర్ రాజు అడిగిన ఏడు ప్రశ్నలకీ ఏడు జవాబులు, అక్షరం పొల్లుపోకుండా. సుందర్ రాజు పుస్తకంలో వేలు పెట్టి సరిచూసుకుంటూ నోరు వెళ్లబెట్టాడు.

"కళ్లు తెరుత్తే రాదేటి?" అన్నాను నేను.

"రాకపోతే పోనీ వదినా. పరీచ్ఛ నోటితోటి గానీ కళ్లతోటి కాదు గదా," అన్నాడు సుందర్ రాజు. నిజమే కదా అనుకున్నాం. ముగ్గురం రైల్వే అన్నం తింటున్నవాళ్లమే. రైల్వేలో ఆఫీసరు ఎదుట కళ్లు మూయడం అంటే ఏమిటో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష ట్రాఫిక్ సెటిల్‌మెంటు పక్కన పొడుగు వరండా ఉన్న ఒక ఆఫీసులో పెట్టారు. ఇరవై రెండు మంది. పొద్దున్నే వెళ్లిన మనిషి ఒంటిగంటయినా రాకపోతే, కారియరులో అన్నం పట్టుకుని నేనే వెళ్లాను. వరండాలో ప్యూను నన్ను చూసి, "ఆయన్ని ఇప్పుడే లోపలికి పిలిచారు, అక్కడ కూర్చో" అని ఒక బెంచీ చూపించాడు. ఆ బెంచీ వెనకే పరీక్ష గది కిటికీ. ఎండకి రెక్కలు బార్లా తీసి ఉన్నాయి. నేను కూర్చోలేదని వేరే చెప్పాలా?

లోపల బల్ల వెనక ఇద్దరున్నారు. ఒకరు కళ్లద్దాల బెంగాలీ సాహెబు. రెండోవారు ఇన్‌స్పెక్టరు వరాహనరసింహం గారు. తెలుగువాళ్లు తెలుగులో చెప్పిన జవాబులు సాహెబుకి హిందీలో చెప్పడం ఆయన పని. బల్లమీద గ్లాసుతో నీళ్లు. గ్లాసు వైపు చూడకు మావా, చూడకు అని లోపలే మొక్కుకున్నాను.

"హోమ్ సిగ్నల్ దించే ముందు ఏం చూసుకోవాలి?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు గారు.

మా ఆయన గ్లాసు వైపే చూశాడు. తరవాత, దేవుడి దయ, కళ్లు మూసుకున్నాడు.

"ఏయ్! కళ్లు మూస్తావేమిటి?" ఇన్‌స్పెక్టరు గారు బల్ల గుద్దారు. "పరీక్ష గదిలోనే నిద్రా? రేపు కేబిన్‌లో ఏం చేస్తావు? చార్జిషీటు రాయమంటావా?"

అప్పుడు తట్టింది నాకు. డ్యూటీలో కునుకు తీశాడని ఉద్యోగాలు పోయినవాళ్లు మా లైనులోనే ఇద్దరుండేవారు. కేబిన్‌లో పెట్టమని అడగడానికి వచ్చి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు ఈ మహానుభావుడు! కిటికీ ఊచలు పట్టుకుని కొయ్యబారిపోయాను. కానీ ఆ కేకలు వినడానికి మా ఆయన అక్కడ లేడు. అప్పటికే మడమలు, మోకాళ్లు దాటి భుజాలదాకా వెళ్లిపోయాడు.

"హోమ్ సిగ్నల్ దించే ముందర," అని మొదలుపెట్టాడు. గొంతు ఆయనదే, సాగదీత మాత్రం నాది. "ఒకటి, బండి వచ్చే లైను ఖాళీగా ఉన్నాదని సూసుకోవాల. రెండు, పాయింట్లు ఆ లైనుకే పెట్టి తాళం ఏసుకోవాల. ఆగు మావా, పాలు పొంగతన్నాయి, దించేసి వస్తాను. మూడు, పక్క లైనులోనించి ఏ వ్యాగను డబ్బా అడ్డంగా రాకుండా సూసుకోవాల."

ఇన్‌స్పెక్టరు గారికి విన్నది విన్నట్టు చెప్పడం అలవాటు. పొద్దుటినుంచీ చెప్పి చెప్పి అలిసిపోయి ఉన్నారు కూడా. అన్నీ వరసగా హిందీలో అప్పజెప్పేశారు.

"దూధ్?" అన్నాడు సాహెబు. "హోమ్ సిగ్నల్ మే దూధ్ కహాఁ సే ఆయా?" సిగ్నల్‌లోకి పాలు ఎక్కణ్నుంచి వచ్చాయని.

ఇన్‌స్పెక్టరు గారు తాను ఏం చెప్పారో అప్పుడు తెలుసుకుని ఎర్రబడ్డారు. సాహెబు మాత్రం ముందుకి వంగాడు. ఇంకోటి అడగమని సైగ చేశాడు. ఈసారి పొగమంచు రూలు అడిగారు. పొగమంచు పడితే పట్టాలమీద, చక్రం ఎక్కగానే పేలే పటాసు సిగ్నల్ పెట్టే మనిషిని పంపాలనీ, వాడు వెళ్లిన టైము పుస్తకంలో రాయాలనీ, మా ఆడపడుచు పెట్టిన చీర రెండు ఉతుకులకే వెలిసిపోయిందనీ, అలాంటి చీర పెట్టడానికి ఆవిడకి చేతులెలా వచ్చాయో అనీ మా ఆయన ప్రశాంతంగా చెప్పాడు. సాహెబు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ నిమిషంలో భూమి రెండుగా చీలితే సంతోషంగా దూకేదాన్ని.

"వ్యాగన్ల మధ్యకి మనిషి వెళ్లే ముందు?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు గారు.

ఆ రూలు తరవాత ఏం వస్తుందో నా ఒక్కదానికే తెలుసు.

"బండి పూర్తిగా ఆగాల. డ్రైవరుకి చెయ్యి సూపాల. డ్రైవరు సూసినట్టు మల్లీ చెయ్యి సూపాల. అప్పుడే దూరాల." మా ఆయన ఒక ఊపిరి తీసి వదిలాడు. "నీకు ఎప్పుడూ సెప్పనేదు మావా. నువ్వు డ్యూటీకి ఎల్తే నాకు ముద్ద దిగదు. యార్డులో డబ్బాలు గుద్దుకున్న సప్పుడు ఇనపడితే, తరవాత ఎవులైనా పరిగెట్టుకొస్తన్నారేమోనని గుమ్మంలో నిల్సుంటాను. ఎవులూ రాకపోతే లోపలికి పోయి అన్నం వారుస్తాను. పదకొండేళ్లనించీ ఇంతే. సూసుకుంటన్నావా మావా? నిజం సెప్పు."

ఇన్‌స్పెక్టరు గారు దాన్ని హిందీలో చెప్పలేదు. చెప్పమని సాహెబు కూడా అడగలేదు.

పాఠం అక్కడితో అయిపోయింది. నేను చదివింది అంతవరకే. కానీ మా ఆయన ఆగలేదు. ఈసారి నా సాగదీత లేదు, తన గొంతుతోనే, "నేదే నూకాలూ. సూసుకోను" అన్నాడు. "డబ్బాలు కదులుతుండగానే దూరిపోతాను. ఆగేదాకా నిల్సుంటే బండి ఆలీసం అయిపోతాది, పైనించి కేకలు. అందరమూ అంతే."

ఆ తరవాత జరిగింది నాకు సరిగ్గా గుర్తులేదు. నేను అరిచానని ప్యూను చెప్పాడు. చుట్టుపక్కల నాలుగు గదులకి వినపడిందట. "సూసుకోవా? నా మీద ఒట్టేసినావు గదరా! పదకొండేళ్లు నా నెత్తిమీద సెయ్యెట్టి అబద్ధం ఆడినావా?" అన్నానట. కారియరు చేతిలోంచి జారి, వరండా అంతా పప్పూ అన్నమూ. మా ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ఆఫీసర్ల వైపు చూడలేదు. కిటికీలో నన్ను చూసి, "ఏటే, నువ్విక్కడున్నావేటి?" అన్నాడు.

"కౌన్ హై?" అన్నాడు సాహెబు.

"వైఫ్, సర్," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నీరసంగా.

"వో లాస్ట్ మే క్యా బోలా?" చివర్లో ఏమన్నాడని సాహెబు అడుగుతున్నాడు.

వరాహనరసింహం గారు నా వైపు చూశారు, మా ఆయన వైపు చూశారు. మంచి మనిషి. గొంతు సవరించుకుని, "బండి ఆగాకే దూరతాను అంటున్నాడు సర్" అని హిందీలో చెప్పేశారు.

దాంతో అంతా సరిపోయేది. మా ఆయన దండం పెట్టి వచ్చేస్తే చాలు. కానీ ఆయన కళ్లు బార్లా తెరుచుకుని, సాహెబు ముఖంలోకి తిన్నగా చూస్తూ, "నహీఁ సాబ్" అన్నాడు. "ఐసా నహీఁ బోలా. మై నహీఁ దేఖ్తా." తరవాత ఇన్‌స్పెక్టరు గారితో, "అలగ సెప్పకండి బాబూ. నాను సూసుకోననే సెప్పినాను. మా ఆడది ఇన్నాది" అన్నాడు.

పద్నాలుగేళ్ల సర్వీసులో ఒక ఆఫీసరు ఎదుట కళ్లు తెరిచి ఆయన తడబడకుండా జవాబు చెప్పింది అదే మొదలు. అది కూడా తన నోటిముందర కూడు తన్నేసుకోవడానికి. సాహెబు కలం తీసుకున్నాడు. కాగితంమీద ఏదో రాశాడు. "ఠీక్ హై, జావ్" అన్నాడు.

ఇద్దరం ఇంటికి నడిచి బయల్దేరాం. గేటు పడి ఉంటే ఆగాం. గూడ్సు బండి పోతోంది. ఒకదాని వెనక ఒకటి వ్యాగన్లు, వాటి మధ్య ఖాళీలు. మనిషి పట్టేటంత ఖాళీలు. పదకొండేళ్లుగా రోజూ చూసే గూడ్సే, ఆ రోజు చూడలేకపోయాను. నడిరోడ్డుమీద, సైకిళ్లవాళ్లందరి ముందూ భోరున ఏడ్చేశాను. పరీక్ష పోయినందుకు కాదు. ఇన్నేళ్లూ గుమ్మంలో నిలబడి పడిన భయం ఉత్తది కాదని తెలిసినందుకు.

"నువ్వు అలగ గుమ్మంలో నిల్సుంటావని నాకు తెల్దే," అన్నాడాయన.

"తెల్దేటి? రోజూ సెప్పినాను. అందుకే గదా అప్పజెప్పినావు," అని ఏడుపులోనే కసిరాను.

వారం తరవాత సుందర్ రాజు సైకిలుమీద చెయ్యి ఊపుకుంటూ వచ్చాడు. లిస్టులో ఆఖరి పేరు మా ఆయనది. పాస్. నాకు నమ్మకం కలగలేదు. లిస్టు అంటించినచోటికి పోయి, పేరు పక్కన వాళ్ల నాన్న పేరు కూడా సరిచూసి వచ్చాను. బండి ఆగకుండానే దూరతానని ఆ ఇరవై రెండు మందిలో ఒప్పుకున్నది ఈయన ఒక్కడేనట. కేబిన్‌లో ఫోనుమీద ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కావాలని సాహెబు అన్నాడట. ఈ కబురు మోసింది ఆ ప్యూనే కాబట్టి ఎంతవరకు నమ్మాలో నాకు తెలీదు. జ్ఞానరత్నం గారికి మాత్రం బూందీ పట్టుకెళ్లి ఇచ్చాను. జరిగిందంతా విని ఆవిడ, "నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి" అని తిడుతూనే రెండు గుప్పిళ్లు తినేశారు.

లైను మొత్తం సంబరపడింది. నాకు మాత్రం పూర్తిగా సంబరం రాలేదు. కేబిన్‌లో ఖాళీ జూన్ నెలాఖరుకి గానీ రాదు. అందాకా మూడు నెలలు, అదే యార్డు, అవే వ్యాగన్లు, అదే తొందర.

మర్నాడు ఆయనకి పొద్దుటి డ్యూటీ. రెండున్నరకి వచ్చి, కాళ్లు కడుక్కుని పీటమీద కూర్చున్నాడు. నేను కంచం పెట్టి, అన్నం గిన్నె దగ్గర పెట్టుకుని, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఏటే అలగ సూస్తావు? సూసుకున్నాను. ఇయాళ బండి ఆగినాకే దూరినాను," అన్నాడు.

"కళ్లు మూసుకుని సెప్పు."

నవ్వబోయాడు. నా ముఖం చూసి మానుకున్నాడు. గోడకి జారబడి కళ్లు మూసుకున్నాడు. నేనేమీ చెప్పలేదు. బొటనవేళ్లు వాటంతట అవే వదులయ్యాయి, తరవాత మోకాళ్లు, తరవాత భుజాలు. చివరికి దవడ వదిలింది. ఊపిరి మారింది.

"తొమ్మిదిసార్లు దూరినాను," అన్నాడు. "ఎనిమిదిసార్లు సూసుకున్నాను."

ఆ తొమ్మిదోసారి సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పేవరకు నేను ఆయనకి అన్నం పెట్టలేదు.